ఇరవయ్యో అంతర్జాతీయ విద్యార్థి

మా విశ్వవిద్యాలయానికి అంతర్జాతీయత సోకింది మే నెల మూడో వారంలో. దానికి ముందు వారం మా వైస్ ఛాన్సలర్ గారు ఎక్కడో చల్లటి కొండ మీద జరిగిన మూడు రోజుల సదస్సుకు వెళ్ళొచ్చారు. రాయలసీమ ఎండలు తిన్నవాడెవడైనా మే నెలలో అలాంటి సదస్సుకు వెళ్తాడు, అందులో తప్పు పట్టను. అక్కడిచ్చిన సంచీ, శాలువా పుచ్చుకుని తిరిగొస్తే సరిపోయేది. ఈయన వాటితోపాటు ఒక ఆలోచన కూడా తెచ్చారు.

నా పేరు ఓబులేసు. అకడమిక్ సెక్షన్‌లో సూపరింటెండెంటుని. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఫైళ్ళు పైకి పంపుతున్నాను, పైనుంచి దిగినవాటిని బీరువాలో పెడుతున్నాను. విశ్వవిద్యాలయం పేరు మాత్రం చెప్పను. నాకింకా రెండేళ్ళ సర్వీసుంది.

వైస్ ఛాన్సలర్ గారు దిగిన మర్నాడే సర్క్యులర్ తయారైంది. "విషయము: అంతర్జాతీయ విద్యార్థులకు అడ్వాన్స్‌డ్ అకడమిక్ ఇంగ్లీష్ కోర్సు – ప్రవేశపెట్టుట – గురించి." సారాంశం ఏమిటంటే, ప్రపంచంలో పేరున్న విశ్వవిద్యాలయాలన్నీ తమ దగ్గరికొచ్చే పరాయి దేశాల విద్యార్థులకు పై స్థాయి ఇంగ్లీషు నేర్పుతున్నాయి. మనం నేర్పడం లేదు. మనకు పేరు రాకపోవడానికి అదే కారణం. ఇకమీదట ఏ అంతర్జాతీయ విద్యార్థీ ఈ కోర్సు పాసైన సర్టిఫికెట్ లేకుండా సిద్ధాంత వ్యాసం సమర్పించడానికి వీల్లేదు. ఆ సర్క్యులర్‌ను ముప్పై నాలుగు శాఖలకు, రెండు గ్రంథాలయాలకు, ఆరోగ్య కేంద్రానికి, క్రీడా మైదానానికి పంపాం. అన్ని చోట్లా సంతకం పెట్టి తీసుకున్నారు.

అప్పటికి మా దగ్గరున్న అంతర్జాతీయ విద్యార్థుల సంఖ్య ఒకటి.

ఆమె పేరు చిసోమో ఫిరి. ఆఫ్రికాలో మలావీ దేశం. వాళ్ళకూ శనక్కాయే పంట, వాళ్ళకూ వానే దిక్కు. వేరుశనగకు వచ్చే ఆకుమచ్చ తెగులు మీద పరిశోధన చెయ్యడానికి నాలుగేళ్ళ ఏడు నెలల కిందట మా ఊరొచ్చింది. చుట్టుపక్కల పల్లెల్లో చేలగట్ల మీద తిరిగి తిరిగి తెలుగు నేర్చుకుంది. రైతులకు చిసోమో అని నోరు తిరగక సోమక్క అన్నారు, యూనివర్సిటీలో కూడా ఆ పేరే నిలిచిపోయింది. వాళ్ళ దేశంలో కార్యాలయాలు నడిచేదీ, పెద్ద తరగతుల చదువు నడిచేదీ ఇంగ్లీషులోనే. ఇక్కడికి రాకముందు ఆమె ఆరేళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు టీచరుగా పనిచేసింది కూడా.

సర్క్యులర్ వెళ్ళిన మూడో రోజు పొద్దున ఆమె నా బల్ల ముందుకొచ్చింది. చేతుల్లో కాలికో బైండు చేయించిన ఐదు లావు పుస్తకాలు, సిద్ధాంత వ్యాసం ఐదు ప్రతులు. బల్ల మీద పెట్టి నుదురు తుడుచుకుంది.

"అయిపోయిందన్నా. తీసుకో."

మూడు వందల పన్నెండు పేజీలు, అంతా ఇంగ్లీషే. నేను ఆ పుస్తకాలను తాకలేదు. సర్క్యులర్ కాగితం ఆమె ముందుకు జరిపాను. ఆమె రెండుసార్లు చదివింది.

"నాకు ఇంగ్లీషు వచ్చునని చూపించేకి ఈ పుస్తకం చాలదా అన్నా?"

"పుస్తకం ఇంగ్లీషులో ఉంటే చాలదమ్మా. సర్టిఫికెట్ ఉండల్ల."

"సరే, యాడ చేరల్ల?"

"కోర్సు ఇంకా మొదలు కాలేదు. ఇరవై మంది లేంది ఏ కోర్సూ నడపగూడదని ఇంకో రూలుండాది."

"ఇప్పుడెంతమందుండారు?"

"నువ్వుండావు."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. జూలై ముప్పై ఒకటికి ఆమె వీసా అయిపోతుంది. వాళ్ళ ఊళ్ళో వ్యవసాయ కళాశాల వాళ్ళు ఒక లెక్చరర్ ఉద్యోగం ఆమె కోసం ఆపి ఉంచారు. సిద్ధాంత వ్యాసం సమర్పించినట్టు ఆ తేదీలోగా రసీదు చూపిస్తే ఉద్యోగం ఆమెది, లేకపోతే వేరొకరిది. ఇవన్నీ ఆమె నింపాదిగానే చెప్పింది. ఆఖర్న కూతురి సంగతి చెప్పింది. నాలుగేళ్ళ పిల్లను తల్లి దగ్గర వదిలి వచ్చింది, ఇప్పుడు ఆ పిల్లకు ఎనిమిదిన్నర.

"అది మా అమ్మని అమ్మా అంటాదన్నా. నన్ను ఫోను అంటాది. ఫోను ఎప్పుడొస్తాది అని అడుగుతాదంట."

నాకు జాలేసింది. ఇంత సర్వీసులో జాలి వేసినప్పుడల్లా నేను చేసిన పని ఒకటే, ఫైలు పెట్టడం. ఆ రోజూ పెట్టాను. విద్యార్థిని ఒక్కరే అయినందునా, ఆమె ఇంగ్లీషు టీచరే అయినందునా, కోర్సు నుంచి మినహాయింపు ఇవ్వవచ్చునేమో పరిశీలించగలరని రాశాను.

సాయంత్రానికల్లా వైస్ ఛాన్సలర్ గారి గదికి పిలుపొచ్చింది. అక్కడ రిజిస్ట్రార్ ఆచార్య శేషఫణి గారు కూడా ఉన్నారు.

"ఓబులేసూ, మినహాయింపు అనే పదం ఓటమి మనస్తత్వానికి సంకేతం," అన్నారు వైస్ ఛాన్సలర్ గారు. "ఒక్కరే ఉండడాన్ని నేను సమస్యగా చూడను, అవకాశంగా చూస్తాను. మిగతా పంతొమ్మిది మందిని గుర్తించే దిశగా మనం అడుగులు వేయాలి."

"విదేశాల నుంచి తెప్పించేకి టైము చాలదేమో సార్," అన్నాను.

"తెప్పించడం దేనికి?" అన్నారు శేషఫణి గారు. ఆయన భౌతికశాస్త్రం ఆచార్యులు, ఇరవై ఏళ్ళుగా పరిపాలనలోనే ఉన్నారు. "మన ఆవరణలోనే గుర్తింపబడని అంతర్జాతీయులు ఉండవచ్చును. అంతర్జాతీయుడు అనగా ఎవరు? సరిహద్దు దాటి వచ్చినవాడు. ఏ సరిహద్దు అన్నది మన నిబంధనావళిలో నిర్వచింపబడలేదు."

వైస్ ఛాన్సలర్ గారు ఆయన వంక ఆరాధనగా చూశారు. ఐదుగురితో నిర్వచన సంఘం ఏర్పడింది. రెండుసార్లు కూర్చున్నారు, రెండుసార్లూ జీడిపప్పు పకోడీ తిన్నారు, మూడు అనుబంధాలతో నివేదిక ఇచ్చారు. మొదటి అనుబంధంలో బళ్ళారి, పావగడ వైపు నుంచి వచ్చిన పదకొండు మంది. వాళ్ళు కర్ణాటక సరిహద్దు దాటారు, పైగా ఇంట్లో కన్నడం మాట్లాడతారు కాబట్టి భాషాపరంగా కూడా అర్హులు. రెండో దానిలో అమ్మో నాన్నో కువైట్‌లో పనిచేస్తున్నవాళ్ళు ఐదుగురు. మూడో దానిలో పాస్‌పోర్టు తీసి ఎక్కడికీ వెళ్ళనివాళ్ళు ఇద్దరు, నాయనమ్మ రంగూన్‌లో పుట్టిన అమ్మాయి ఒకతె. మొత్తం పంతొమ్మిది, సోమక్కతో ఇరవై.

ఎవరినీ బలవంతంగా అంతర్జాతీయుల్ని చెయ్యకూడదు కాబట్టి ఆ పంతొమ్మిది మంది దగ్గరా అంగీకార పత్రాలు తీసుకోమన్నారు. సోమక్క దగ్గర తీసుకోలేదు. ఆమె విదేశీయురాలని అందరికీ తెలుసు, తెలిసిన సంగతికి కాగితం ఎందుకని ఎవరూ అడగలేదు. సంతకం పెట్టేముందు పావగడ కుర్రవాడొకడు మాత్రం గొణిగాడు.

"మా ఊరికి ఈడినుంచి గంటకో బస్సుండాది సార్. నేనెట్ల అంతర్జాతీయమైతా?"

"ఆ బస్సు సరిహద్దు దాటుతుందా, దాటదా?" అన్నారు రిజిస్ట్రార్ గారు.

"దాటుతాది సార్."

"అయితే సంతకం చేయుము."

అంతర్జాతీయ విద్యార్థులకు వేరే హాస్టలు, గదికి ఇద్దరే, రోజూ గుడ్డు అనేసరికి మిగతావాళ్ళు గొణగకుండానే పెట్టారు. ఇద్దరు ముగ్గురు ఆదోని పిల్లలు తమకూ ఏదైనా సరిహద్దు చూపించమని నా చుట్టూ తిరిగారు.

హాస్టలు మొదలైన మర్నాడు సోమక్క మళ్ళీ వచ్చింది. ఈసారి నిజంగానే కోపంగా ఉంది. ఇన్నాళ్ళూ ఆమె మామూలు హాస్టల్లో సంగటి తిని బతికింది. వాళ్ళ ఊళ్ళో మొక్కజొన్న పిండితో అచ్చం అలాగే ముద్ద చేసుకుంటారట, న్సిమా అంటారట. మా సంగటి ముద్ద మొదటిసారి చూసినప్పుడు ఆమెకు ఏడుపొచ్చిందని ఒకసారి నాతో చెప్పింది. ఇప్పుడు కొత్త హాస్టల్లో పొద్దున రొట్టె, జాము, మధ్యాహ్నం ఉడకబెట్టిన కూరగాయలు. నేను వార్డెన్ దగ్గరికి వెళ్ళి అడిగాను.

"అంతర్జాతీయ విద్యార్థికి సంగటి పెట్టి తనిఖీ సంఘానికి దొరికిపొమ్మంటావా ఓబులేసూ?" అన్నాడాయన. "కావాలంటే ముల్లు చెంచా రెండోది ఇస్తా."

ఆ రోజు నుంచి ఆమె మధ్యాహ్నం భోజనం మా ఇంట్లో. మా ఆవిడ పెద్ద ముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి ఊరిబిండి పచ్చడి వేసేది.

ఇక పాఠం చెప్పేవారు కావాలి. మా ఇంగ్లీషు శాఖలో పన్నెండు మంది ఉన్నారు, అందులో నలుగురు బాగా చెప్తారు. కాని కోర్సు నిబంధనలను సంఘంవారు పైదేశం విశ్వవిద్యాలయం ఒకదాని నుంచి కామాతో సహా ఎత్తి రాశారు. విదేశంలో, ఇంగ్లీషు మాతృభాషగానో అధికార భాషగానో ఉన్నచోట, కనీసం ఐదేళ్ళు బోధించి ఉండాలని అందులో ఉంది. రాసింది దిద్దాలంటే అకడమిక్ కౌన్సిల్ కూర్చోవాలి, అది కూర్చునేది నవంబరులో. సిబ్బంది రికార్డులన్నీ వెతికారు, ఎవరూ దొరకలేదు. ఆఖరికి విద్యార్థుల రికార్డులు వెతికితే ఒక్క పేరు దొరికింది.

సోమక్కకు నియామకపు ఉత్తర్వు నేనే టైపు చేశాను. ఆమె అది పట్టుకుని రిజిస్ట్రార్ గారి ముందు నిలబడింది.

"నేనే చెప్పి నేనే నేర్చుకోవచ్చా సార్?"

"ఒకే వ్యక్తి ఏకకాలంలో బోధకురాలు, అభ్యాసకురాలు కావడం ప్రయోజనాల సంఘర్షణ కిందికి వచ్చును," అన్నారు శేషఫణి గారు. "విద్యార్థుల జాబితా నుండి మీ పేరు తొలగించడమైనది. కోర్సు ముగిసిన పిదప మీ విషయం సానుభూతితో పరిశీలింపబడును."

"నేను చెప్పనంటే?"

"కోర్సు జరగదు. కోర్సు జరగనిచో సర్టిఫికెట్ ఉండదు. సర్టిఫికెట్ లేనిచో..." ఆయన చేతులు తిప్పారు. ఆమె సంతకం పెట్టి బయటికొచ్చింది. సానుభూతి మాట ఆమె నమ్మిందో లేదో తెలియదు, నేను మాత్రం నమ్మాను.

ఆమె పేరు తీసేసరికి జాబితా మళ్ళీ పంతొమ్మిదికి పడిపోయింది. రిజిస్ట్రార్ గారు కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు.

"ఓబులేసూ, మీరు ఎన్నడైనా విదేశయానం చేసితిరా?"

ఏడేళ్ళ కిందట మా ఆవిడతో నేపాల్‌లో ముక్తినాథ్ వెళ్ళాను. అక్కడ నా చెప్పులు పోయాయి. అది తప్ప విదేశాలతో నాకు వేరే లావాదేవీ లేదని మనవి చేసుకున్నాను.

"మీరు మన దూరవిద్యలో డిప్లొమాకు కూడా నమోదై ఉన్నారు కదా?"

"ఫీజు కట్టి వదిలేసినా సార్."

"వదిలినవాడు కూడా విద్యార్థియే."

అలా యాభై ఎనిమిదేళ్ళ వయసులో, అంగీకార పత్రం మీద సంతకం పెట్టి, నేను మా విశ్వవిద్యాలయానికి ఇరవయ్యో అంతర్జాతీయ విద్యార్థినయ్యాను. నీలం రంగు గుర్తింపు కార్డు ఇచ్చారు. మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏ దేశమని రాసినారు అని అడిగింది. ఆ గడి ఖాళీగా ఉంది.

జూన్ పదిహేనున తరగతులు మొదలయ్యాయి. సంఘంవారు అరవై నాలుగు పేజీల గైడు ముద్రించారు. అందులో వంద ప్రశ్నలు, వంద జవాబులు, కంఠతా పట్టి రాయడానికి వీలుగా. సోమక్క దాన్ని కిటికీ కొట్టుకోకుండా అడ్డం పెట్టి, మమ్మల్ని పొద్దున్నే ఎర్రమిట్టపల్లి చేలకు తీసుకుపోయింది.

"ఒక మొక్క ముందర కూర్చోండి. చూసింది ఇంగ్లీషులో రాయండి. చూడనిది రాయొద్దండి. తెలీకుంటే తెలీదని రాయండి. పెద్ద చదువుల ఇంగ్లీషంటే అంతే."

కువైట్ పిల్లలు, బళ్ళారి పిల్లలు వారం తిరిగేసరికి బాగానే రాశారు. నాకే చేతకాలేదు. అరపేజీ రాసి ఇచ్చాను. ఆకుల మీద గోధుమరంగు మచ్చలు కానవస్తున్నవనీ, వాటిని దయతో పరిశీలించి తగు ఉత్తర్వులు దయచేయగలరనీ దాని భావం. ఆమె చదివి గట్టు మీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"ఉత్తర్వు ఎవరియ్యల్లన్నా ఈ ఆకుకి?"

నిజం చెప్పాలంటే ఆ ఆరు వారాలూ నాకు ఇష్టమయ్యాయి. పొద్దున్నే మట్టి వాసన పీలుస్తూ, ఎవరి ఆమోదమూ అక్కర్లేకుండా ఒక మొక్క గురించి ఉన్నదున్నట్టు రాయడం నాకు కొత్త. ఆమె మాత్రం రోజూ తరగతి అయ్యాక బ్యాగులోంచి చిన్న క్యాలెండరు తీసి ఒక తేదీ కొట్టేసేది.

జూలై మొదట్లో హెడ్ కానిస్టేబుల్ తిప్పన్న వచ్చాడు. మాదీ అతనిదీ పక్కపక్క ఊళ్ళు. మావాళ్ళు ర్యాంకుల కోసం పైకి పంపిన లెక్కల్లో ఇరవై మంది అంతర్జాతీయ విద్యార్థులు కనబడేసరికి, ఆ ఇరవై మంది పాస్‌పోర్టులు చూసి రమ్మని అతన్ని పంపారట. జాబితా చదువుతూ చదువుతూ ఆగిపోయాడు.

"ఇరవై, ఓబులేసు. ఇదెవురన్నా?"

"నేనే."

"నువ్వెప్పుడు దేశం దాటితివి?"

"రిజిస్ట్రార్‌ని అడుగుపో."

నేనూ వెంట వెళ్ళాను. శేషఫణి గారు ఏమాత్రం తడబడలేదు.

"విదేశీయులు వేరు, అంతర్జాతీయులు వేరు. ఈ ఇరవై మందీ అంతర్జాతీయ విద్యార్థులు మాత్రమే. వీరిలో విదేశీయులు ఎవరూ లేరు."

"మరి ఆ ఆఫ్రికా అమ్మ?"

"ఆమె విదేశీయురాలు. అయితే అంతర్జాతీయ విద్యార్థిని కాదు, ఆమె బోధకురాలు. కావలసినచో రాసి ఇవ్వగలను."

కావలసిందేనన్నాడు తిప్పన్న. రిజిస్ట్రార్ గారు లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టి ఇచ్చారు. నకలు నా ఫైల్లో పడింది.

జూలై ఇరవై నాలుగున పరీక్ష, ఇరవై ఏడున ఫలితాలు. ఇరవైకి ఇరవై మందీ పాసయ్యాం. గేటు మీద ఫ్లెక్సీ కట్టారు. సర్టిఫికెట్లన్నిటి మీదా బోధకురాలిగా సోమక్క సంతకం చేసింది, నా దాని మీద కూడా. సంతకాలన్నీ అయ్యాక కలం మూత పెట్టి, ఐదు పుస్తకాలూ చంకనెత్తుకుని, నేరుగా రిజిస్ట్రార్ గారి గదికి వెళ్ళింది. నేను ఫైలు పట్టుకుని వెనకాలే వెళ్ళాను.

"నా సర్టిఫికెట్ సార్."

"మీరు పరీక్ష రాయలేదు కదా?"

"పేపరు పెట్టిందే నేను సార్."

"అదే ఇబ్బంది. తన జవాబుపత్రం తానే దిద్దుకొనుటకు ఏ విశ్వవిద్యాలయమూ అనుమతించదు. ఇంకొకరు దిద్దుటకు మన వద్ద అర్హులు లేరు. మీ విషయం నవంబరు కౌన్సిల్‌లో సానుభూతితో ప్రవేశపెట్టబడును."

"నవంబరు దాకా నేను ఈడ ఎట్లుంటా సార్? నాలుగు రోజుల్లో వీసా అయిపోతాది."

"వీసా అంశం మా పరిధిలోనికి రాదు."

ఆమె బయట వరండాలో బెంచీ మీద పుస్తకాలు పెట్టి పక్కన కూర్చుంది. అప్పుడే ఫోను మోగింది. చూసి, ఎత్తకుండా ఒళ్ళో పెట్టుకుంది. అది మోగి మోగి ఆగిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ మీద కాదు, మొదట నా మీద. ఆ సర్క్యులర్ టైపు చేసింది నేను. ఆ నియామకపు ఉత్తర్వు టైపు చేసింది నేను. ఆమె పేరు జాబితాలోంచి కొట్టేసి, ఆ చోట నా పేరు రాసుకున్నదీ నేనే. సీటుకెళ్ళి బీరువా తెరిచి నిబంధనల పుస్తకాలన్నీ కింద పడేశాను. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవకుండా ఫైలు మొదటి కాగితం నుంచి చదివాను. ఇరవై అంగీకార పత్రాలున్నాయి. అందులో సోమక్కది లేదు. ఆమె అంతర్జాతీయ విద్యార్థిని అని చెప్పే కాగితం ఆ ఫైల్లో ఒక్కటీ లేదు. కాదని చెప్పే కాగితం మాత్రం రిజిస్ట్రార్ ముద్రతో ఉంది.

అంతర్జాతీయం కానప్పుడు మరి ఆమె ఎవరు? ప్రవేశాల నిబంధనల పుస్తకం తీశాను. ఈ ప్రాంతంలో వరసగా నాలుగేళ్ళు చదివినవారిని స్థానిక అభ్యర్థిగా పరిగణించాలి. ఎక్కడ పుట్టారని అందులో అడగలేదు. మా సీమలో ఈ ఒక్క రూలు కోసం ఎంతమంది ఎన్ని ధర్నాలు చేశారో లెక్కలేదు. ఆమె ఇక్కడ చదువుతున్నది నాలుగేళ్ళ తొమ్మిది నెలలుగా.

చదువుకున్నట్టు ధ్రువపత్రం ఆమె శాఖ నుంచి మర్నాడే తీసుకున్నాను. నివాస ధ్రువపత్రం తాసిల్దారు ఇవ్వాలి. ముప్పయ్యో తారీకున ఆమెను వెంటబెట్టుకుని తాసిల్దారు ఆఫీసుకు వెళ్ళాను. మేం వెళ్ళేసరికే సంగతి తెలిసి ఎర్రమిట్టపల్లి నుంచి ట్రాక్టరులో పద్నాలుగు మంది రైతులు వచ్చి ఉన్నారు. తాసిల్దారు రేణుకమ్మ గారు దరఖాస్తు చూశారు, సోమక్కను చూశారు, మళ్ళీ దరఖాస్తు చూశారు.

"ఈమె స్థానికమని మీరు సాక్ష్యం చెప్తారా?" అని రైతుల్ని అడిగారు.

కదిరప్ప అనే పెద్దాయన ముందుకొచ్చాడు. "నాలుగేండ్లలో మా చేన్లో మా కొడుకులు కాలు పెట్టినదానికంటే ఈమె పెట్టిందే ఎక్కువ మేడం. ఏ కార్తెలో ఏ మచ్చొస్తాదో చెప్పి మా పంట నిలబెట్టింది. ఈమె స్థానికం కాదంటే మేమూ కాదని రాసుకోండి."

"ఏమ్మా, ఎవరింట్లో ఉంటావు?" అన్నారు తాసిల్దారు.

"మామూలప్పుడు హాస్టల్లో మేడం. పంటప్పుడు కదిరప్ప మామ వాళ్ళింట్లో."

రేణుకమ్మ గారు సంతకం చేశారు. ఆవిడకు ర్యాంకుల గొడవ లేదు, అంతవరకు మా అదృష్టం.

ముప్పై ఒకటో తారీకు మధ్యాహ్నం రిజిస్ట్రార్ గారి ముందు ఫైలు పెట్టాను. ఆయన భాషలోనే రాశాను, అది నాకు బాగా వచ్చు. ఆయన చదివి కళ్ళజోడు తీశారు.

"అనగా, ఈమె అంతర్జాతీయ విద్యార్థిని కాదు."

"కాదని తమరే పోలీసులకు రాసిచ్చినారు సార్. నకలు జతపరిచినా."

"ఈమె స్థానికురాలు."

"తాసిల్దారు ముద్ర ఉండాది సార్."

"స్థానికులకు ఈ కోర్సు..."

"వర్తించదు సార్."

ఆయన ఫైలు వెనక్కీ ముందుకూ తిప్పారు. ఎక్కడో ఒక చిల్లు ఉండాలని వెతికారు. కిటికీలోంచి బయట ట్రాక్టరు, దాని చుట్టూ తుండుగుడ్డలు వేసుకున్న పద్నాలుగు మంది కనబడుతున్నారు. స్థానికుల ఫైలు ఆపిన రిజిస్ట్రార్లకు గతంలో ఏమైందో ఆయనకు తెలుసు. సంతకం చేసేశారు.

నాలుగు గంటల నలభై నిమిషాలకు ఆ ఐదు పుస్తకాలూ నేను రెండు చేతులా అందుకున్నాను. రసీదు రాసి, ముద్ర వేసి ఇచ్చాను. సోమక్క అక్కడే నిలబడి దాన్ని ఫోటో తీసి ఎవరికో పంపింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. రసీదు చూపించాక ఆమె ప్రయాణానికి వీసావాళ్ళు పది రోజులు గడువిచ్చారు.

ఆ పది రోజులూ ఊరికే పోనిస్తే మాది విశ్వవిద్యాలయం ఎందుకవుతుంది? ఫైలు రిజిస్ట్రార్ గారి దగ్గరి నుంచి వైస్ ఛాన్సలర్ గారి దగ్గరికి చేరింది. ఆయన అందులో రెండే సంగతులు చూశారు. ఒకటి, చిసోమో ఫిరి స్థానిక విద్యార్థిని. రెండు, ఆమెకు ఆఫ్రికాలో ఒక కళాశాలలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. మర్నాడు గేటు మీద కొత్త ఫ్లెక్సీ వెలిసింది. "మా స్థానిక విద్యార్థినికి విదేశంలో అధ్యాపక పదవి. కరువుసీమ బిడ్డకు అభినందనలు." ఆమె నిలువెత్తు ఫోటో, పక్కన వైస్ ఛాన్సలర్ గారి ఫోటో. ప్లేస్‌మెంట్ల పట్టికలో విదేశీ నియామకాలు అన్న గడిలో సున్నా తీసి ఒకటి వేశారు. ఆ పట్టిక టైపు చేసింది కూడా నేనే.

ఆమె వెళ్ళే రోజు మధ్యాహ్నం సెనేట్ హాల్లో సన్మాన సభ. మా ఇరవై మంది అంతర్జాతీయ విద్యార్థులం నీలం కార్డులు వేసుకుని ముందు వరసలో కూర్చున్నాం, ఆతిథ్యం ఇచ్చే దేశం తరఫున మిగతా విద్యార్థులు వెనక కూర్చున్నారు. ఎర్రమిట్టపల్లివాళ్ళు గోడవారన నిలబడ్డారు. మా ఆవిడ టిఫిను డబ్బాలో దారికి సంగటి కట్టి తెచ్చింది. సోమక్క మెడలో దండ, భుజాన శాలువా, కాళ్ళ దగ్గర ప్రయాణపు సంచీ.

వైస్ ఛాన్సలర్ గారు ముప్పావుగంట మాట్లాడారు. చివరకు వచ్చేసరికి ఆయన గొంతు నిజంగానే బొంగురుపోయింది.

"విదేశాలకు ఎగిరిపోయే మన బిడ్డలు చాలామంది అక్కడి సౌకర్యాలకు అలవాటుపడి మళ్ళీ వెనుదిరిగి చూడరు. అమ్మా చిసోమో, నీవు ఎంత దూరమేగినా, ఎంతటిదానవైనా, మాతృదేశాన్ని మాత్రం మరువరాదు. తల్లి ఒడికి తిరిగి చేరుకోవాలి. ఇది నా ఆదేశం కాదు, అభ్యర్థన."

ఆమె మైకు దగ్గరికి వచ్చి శాలువా సర్దుకుంది.

"మరిచిపోలేదు సార్," అంది. "నాలుగున్నర బస్సుకి ఆడికే పోతాండా. మా పాప కాసుకోనుండాది."

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది వైస్ ఛాన్సలర్ గారే.